గోడ మీద మట్టితాడు

ఆ ఏడు ఎండాకాలం మొదట్లోనే మా ఇంటికప్పు లేచిపోయింది. గాలంటే అలాంటిలాంటి గాలి కాదు. మా బావిలో నీళ్లు పక్కింటి బావిలోకి దూకాయంటే మీరు నమ్మరు గానీ, రేకులు మాత్రం నిజంగానే ఎగిరాయి. ఒక రేకు వెళ్లి వెళ్లి వాగు అవతల ఎవరిదో కోళ్లగూటి మీద వాలింది. మర్యాదగా అడుగుదామని వెళితే, "కోళ్లు ఆ నీడకి అలవాటుపడ్డాయండీ, ఇప్పుడు తీస్తే గుడ్లు పెట్టవు" అన్నారు. సరే, కోళ్లతో మనకెందుకని వచ్చేశాను. వచ్చి చూస్తే మా గోడలు రెండు నిలబడి ఉన్నాయి, రెండు కూర్చుని ఉన్నాయి.

మా ఆవిడా నేనూ మూటలు పట్టుకుని మా అమ్మాయి ఇంటికి చేరాం. బస్టాండు వెనక, మూడో అంతస్తు. అమ్మాయి మంచిది. ఆ మంచితనమే వాళ్లమ్మకి చిక్కు తెచ్చిపెట్టింది. వెళ్లిన కొత్తలో మా ఆవిడ చేతిలోంచి గాజుగ్లాసు జారింది. తర్వాత పాలగిన్నె ఒలికింది. ఇంకోటేదో అయ్యేలోపే అమ్మాయి వాళ్లమ్మని వంటింట్లోంచి చెయ్యి పట్టుకుని తెచ్చి కిటికీ పక్కన కుర్చీలో కూర్చోబెట్టింది.

"నువ్వు కూర్చో అమ్మా. ఏం కావాలన్నా నోటితో చెప్పు, చాలు."

ఇంతకుముందు అదే కుర్చీలో మా అమ్మాయి అత్తగారు కూర్చునేవారు. కాళ్లు పడిపోయిన మనిషి. ఆవిణ్ణి మా అమ్మాయి పువ్వులా చూసుకుంది. తల కూడా తనే దువ్వేది. ఆవిడ ఒకసారి మా ఆవిడ చెవిలో, "నా తల నన్ను దువ్వుకోనిస్తే బావుండు వదినా" అందట. ఇప్పుడా కుర్చీలో మా ఆవిడ, రైలు కోసం స్టేషన్లో కూర్చున్నట్టు అంచున కూర్చుంది.

ఇక్కడొక సంగతి చెప్పాలి. మా ఆవిడకి చూపు పోతోంది. కంటి వెనక నరం ఎండిపోతోందనీ, పోయిన చూపు తిరిగి రాదనీ, చుక్కలు వేస్తుంటే మిగిలింది కొన్నాళ్లు నిలబడుతుందనీ డాక్టరు ఆమెకి చెప్పాడు. ఆమె బయటికొచ్చి, "ఎండకి కళ్లు మండుతున్నాయట, అంతే" అని నాకు చెప్పింది. నేను సరేనని నాలుగడుగులు వేసి, గొడుగు మర్చిపోయానని మళ్లీ లోపలికెళ్లి డాక్టర్ని అడిగి వచ్చాను. ఆ రోజు నుంచీ ఆమె నా దగ్గర దాస్తూనే ఉంది, నాకు తెలుసన్న సంగతి నేను ఆమె దగ్గర దాస్తూనే ఉన్నాను.

ఊరుకున్నానని కాదు. నా పద్ధతి నాది. దారిలో రాయి ఉంటే నోరు పెంచేవాణ్ణి. "ఇదుగో, ఎడం పక్కన ఈ రాయి చూశావా? మా తాత దీని మీదే ఏనుగుని కూర్చోబెట్టి క్షవరం చేయించాడు."

"మీ తాతకి మేకే లేదు, ఏనుగెక్కడిది?" అంటూ ఆమె కుడిపక్కకి జరిగేది.

గుంతకో కథ, మెట్టుకో కథ. ముసలాయనకి వాగుడు ఎక్కువైందని జనం అనుకున్నారు. అనుకోనీ.

అమ్మాయి మాత్రం కనిపెట్టినట్టే ఉంది. ఒకరోజు మేడమెట్ల దగ్గర నన్నాపి అడిగింది. "నాన్నా, అమ్మకి చూపు ఆనుతోందా?"

"మీ అమ్మకా? గోడ అవతల చీమ కన్నుకొడితే ఇవతల నుంచి తిడుతుంది."

"నీతో మాట్లాడ్డం నాదే తప్పు."

అలాంటి రోజుల్లో వచ్చింది టీచరమ్మ. సంచీ నిండా ఖాళీ సీసాలు, కాళ్లకి మోకాళ్ల దాకా మట్టి. గాలికి పడిపోయిన ఇంటిని ఒకదాన్ని అక్కడి మట్టితోనే కట్టి చూపిస్తామనీ, నేర్చుకోవాలనుకున్న వాళ్లెవరైనా రావచ్చనీ చెప్పింది. అందరికన్నా అన్యాయంగా పడిపోయింది మా ఇల్లే కాబట్టి మా స్థలానికే వచ్చింది. మా పెరటి మట్టి సీసాలో పోసి, నీళ్లు పోసి, గిలక్కొట్టి, ఇసుక కిందికీ బంకమన్ను పైకీ తేరుకునేదాకా చూసి, "తాతగారూ, మీ మట్టి బంగారమండీ" అంది.

"బంగారమైతే ఇల్లెందుకు తల్లీ, అమ్ముకుని తిరుగుతాను."

మా ఆవిడ మాత్రం సీసా జోలికి పోలేదు. గుప్పెడు మట్టి తీసుకుని తడిపి, అరచేతుల మధ్య పాములా చుట్టింది. అది విరక్కుండా వేలాడింది. "కట్టుకుందామండీ" అంది నాతో. నాతో ఆమె అంత గట్టిగా మాట్లాడి చాలా కాలమైంది.

అమ్మాయి కోప్పడలేదు. వాళ్లమ్మ పోలికే, మాట కుదించి చెబుతుంది. "కట్టుకోండి. వానలకి ముందు నేనొచ్చి చూస్తాను. అమ్మ తన ఇంట్లో తనొక్కతే తిరిగి, ఎవరూ సాయం పట్టకుండా నాకో గ్లాసు టీ పెట్టివ్వాలి. ఇచ్చిందా, సామాను దింపిస్తాను. లేదా, బండి అట్నుంచి అటే మా ఇంటికి తిప్పిస్తాను. అప్పుడిక ఏ కథలూ చెప్పకూడదు నాన్నా."

అమ్మాయి వంటింట్లోకి వెళ్లాక మా ఆవిడ కుర్చీలోంచి లేచి నిలబడింది. తర్వాత, "టీయే కదా" అంది.

* * *

పెరట్లో గొయ్యి తీసి, మట్టీ ఇసుకా తరిగిన గడ్డీ పోసి, నీళ్లు చల్లి తొక్కాలి. టీచరమ్మా, ఆమెతో వచ్చిన ఇద్దరు పిల్లలూ, వీధిలో ఆడవాళ్లూ, టీకొట్టాయనా అందరూ గోతిలోకి దిగారు. దిగనివాడు ఒక్కడే, మేస్త్రి. ఊరంతా అతణ్ణి నునుపు మేస్త్రి అంటారు. అతను సిమెంటు పూసిన గోడ మీద బల్లి నిలబడలేక జారిపడి నడుం విరగ్గొట్టుకుందని చెబుతారు. చెప్పింది నేనే అనుకోండి. గోడ కాస్త వంకరగా కనిపిస్తే ఆ పూట అతనికి అన్నం సయించదు.

"రారా మేస్త్రీ, దిగు" అన్నాను.

"నేను చేతుల పనివాణ్ణి బాబాయ్. కాళ్లతో ఇల్లు కట్టడం నా ఇంటా వంటా లేదు."

"అయితే ఒడ్డున కూర్చుని పాట పాడు."

"పాడితే మట్టి గట్టిపడదు, మీరు పారిపోతారు."

మా ఆవిడ చీర ఎగ్గట్టి దిగింది. ఆ గోతిలో కళ్లతో పని లేదు. టీకొట్టాయన భుజం పట్టుకుని, టీచరమ్మ భుజం పట్టుకుని, గుండ్రంగా తిరుగుతూ తొక్కుతోంది. నవ్వుతోంది కూడా. అయితే నేలలు అలికిన అలవాటుతో "ఇంకాసిని నీళ్లు, ఇంకాసిని నీళ్లు" అని పోయించింది. ఆ ముద్దలతో పెట్టిన మొదటి వరస గోడ సాయంత్రానికి పొట్ట వేసుకుని కూర్చుంది.

"అమ్మమ్మగారూ, ఇది మా వల్లే. మీరడిగారని పోసేశాం" అంది టీచరమ్మ.

"నీ వల్లేం కాదులే, నా వల్లే. నరికెయ్, మళ్లీ తొక్కుదాం" అంది మా ఆవిడ. నరికేసి మళ్లీ తొక్కారు.

మేస్త్రి అది చూసి ఉండబట్టలేకపోయాడు. మర్నాడు దారానికి ఇనపగుండు కట్టుకుని వచ్చి గోడ నిలువు చూడ్డం మొదలెట్టాడు. ఇంకో రెండ్రోజులకి గోతిలో దిగాడు. నేర్చుకోవడానికి కాదట, గోడ పాడవకుండా కాపలాకట. నాలుగు వారాలు తిరిగేసరికి టీచరమ్మని అడిగి మట్టిలో గడ్డి ఎంత, ఇసుక ఎంత అని మాకే పాఠం చెబుతున్నాడు. గుమ్మానికి పైన అడ్డదూలం పెట్టేటప్పుడు నన్ను కింద నిలబెట్టి కొలిచాడు. నేను మనిషిని పొడుగు, మా ఆవిడ నా చంక కిందికి వస్తుంది. "బాబాయ్ తల తగలకపోతే ఈ గుమ్మంలో ఒంటెకి కూడా తగలదు" అన్నాడు.

గోడలు లేచాయి. పైన పెంకులు కప్పాం. ఈలోగా టీచరమ్మ పెరటి పని పట్టింది. మూడు కర్రలతో ఓ చట్రం కట్టి, దానికి రాయి వేలాడదీసి నేల మట్టం చూసుకుంటూ, వాన నీళ్లు పరిగెత్తకుండా నిలిచేలా వాలుకి అడ్డంగా వంపు కాలువ తవ్వించింది. స్నానాల గది నీళ్లు అరటి గుంతలో పడేలా చేసింది. గెల వేస్తే ఎవరెక్కువ స్నానాలు చేశారో వాళ్లదేనని టీకొట్టాయనతో నేను పందెం కాశాను. ఆయన ఓడిపోతాడని ఊరందరికీ తెలుసు.

"రోజూ వాడే మొక్కలు గుమ్మానికి దగ్గరగా, అప్పుడప్పుడూ చూసేవి దూరంగా పెట్టుకోండి అమ్మమ్మగారూ. మనం నడిచే దారిని బట్టి తోట" అని చెప్పింది టీచరమ్మ.

మా ఆవిడ ఆ మాట బాగా పట్టుకుంది. వంటింటి వెనక గుమ్మం దగ్గర పుదీనా పెట్టించింది. కుళాయి దగ్గర వామాకు. స్నానాల గదికి వెళ్లే దారి పొడవునా నిమ్మగడ్డి, చీర కుచ్చిళ్లకి తగిలేంత దగ్గరగా. వీధి గేటు దగ్గర బంతి. ఏ మొక్క పట్టుకొచ్చినా ముందు ఆకు నలిపి ముక్కు దగ్గర పెట్టుకునేది. వాసన లేనిదాన్ని వెనక్కి పంపేది.

"పురుగు రాకుండా భలే ఆలోచించారు" అని టీచరమ్మ సంబరపడింది.

"పురుగు సంగతేమో గానీ, నిమ్మగడ్డి వాసనకి పక్కూరి గేదెలు తాళ్లు తెంపుకొస్తాయి. మా చిన్నప్పుడు ఒకటి అలా వచ్చి మా ఇంట్లోనే ఉండిపోయింది, మాతో పాటు బడికి కూడా వచ్చేది" అన్నాను నేను.

"అది వచ్చాకే మీకు అక్షరాలు వంటబట్టాయేమో" అంది మా ఆవిడ, మొక్క చుట్టూ మట్టి అదుముతూ.

ఇంటి లోపలి పూత వేసేటప్పుడు తాపీ వద్దంది ఆమె. వట్టి చేతుల్తో పూసింది. పూస్తూ పూస్తూ, తన నడుమెత్తున గోడ వెంబడి వేలి మందాన మట్టితాడు ఒకటి పొడుచుకొచ్చేలా లాగింది. వీధి గుమ్మం దగ్గర మొదలెట్టి ముందుగది చుట్టి, మంచం వేసే మూల దాటి, వంటింట్లోకి, అక్కణ్ణుంచి వెనక గుమ్మం దాకా. గడప వచ్చే చోట ఒక బొడిపె. పొయ్యి దగ్గరికి రాగానే జంట బొడిపెలు.

మేస్త్రి వచ్చి దాన్ని గోటితో గీకి చూశాడు. "పిన్నీ, గోడకి ఈ మొటిమలేంటి?"

"అందం."

"అందమా!"

"నా ఇల్లు, నా అందం. నీకెందుకురా?"

"రాణీగారి మేడలో ఇలాగే ఉండేదిరా. దాని మీద చిలకలు నడుచుకుంటూ వచ్చి ఆవిడకి వార్తలు చెప్పేవి" అన్నాను. వాడు నా వంక జాలిగా చూశాడు.

ఆ తర్వాత రోజూ పొద్దున్నే ఆమె అందరికన్నా ముందు వెళ్లేది. నేను ఇంటి బయట బీడీ వెలిగించుకుని కూర్చునేవాణ్ణి. లోపల ఆమె తాడు పట్టుకుని నడుస్తున్న చప్పుడు. మొదట్లో ఆగి ఆగి, తర్వాత ఆగకుండా. గిన్నె పెట్టిన చప్పుడు, గ్లాసు దించిన చప్పుడు. ఏదీ పడిన చప్పుడు లేదు. నేను బీడీ ఆర్పి, పెద్దగా దగ్గి అప్పుడే వచ్చినట్టు లోపలికెళ్లేవాణ్ణి.

* * *

మేఘాలు పట్టడం మొదలైంది. రేపు పొద్దున్నకి సామాను బండి మాట్లాడానని అమ్మాయి చెప్పింది. ఆ రోజు మేమిద్దరం మూడో అంతస్తులో మూటలు కట్టుకుంటూ ఉండిపోయాం.

పొద్దున్న బండి దిగేసరికి అందరూ గేటు దగ్గర ఉన్నారు. టీచరమ్మ, టీకొట్టాయన, వీధిలో ఆడవాళ్లు. మేస్త్రి ఉతికిన చొక్కా వేసుకుని అందరికన్నా ముందు నిలబడ్డాడు. వాడి మొహం వెలిగిపోతోంది.

"సామాను దింపకండి, ఉండండి" అంది అమ్మాయి బండివాళ్లతో. "పద అమ్మా. నాకు టీ."

మా ఆవిడ బంతి మొక్కల దాకా వచ్చి, మెట్టెక్కి, గుమ్మంలోంచి లోపలికి అడుగు పెట్టి, గోడ మీద చెయ్యి వేసింది.

చెయ్యి కిందికి జరిగింది. పైకి జరిగింది. అక్కడే ఆగిపోయింది.

"ఎలా ఉంది పిన్నీ?" మేస్త్రి ఇక ఆపుకోలేకపోయాడు. "నిన్న మీరెవరూ లేరు కదా అని నేనొక్కణ్ణే కూర్చున్నాను. జల్లించిన బంకమట్టి, గంజి వేసి కలిపాను. ఆ మొటిమలన్నీ చెక్కేసి ఒక్క పూత పూశాను. అక్కయ్య వచ్చి చూస్తే మా పిన్ని ఇల్లు వంకరని అనకూడదు కదా. చూడండి, అద్దం!"

నిజంగానే అద్దం. ఆ గోడంత అందమైన గోడ నేను మళ్లీ చూడలేదు. ఇంకా చెమ్మారలేదు, మెరుస్తోంది.

మా ఆవిడ కదల్లేదు. అరచెయ్యి గోడకి ఆనించి, తల కొంచెం వంచి, ఏదో వింటున్నట్టు నిలబడింది. అమ్మాయి వెనకనుంచి ఆమెనే చూస్తోంది. "ఏంటమ్మా, లోపలికి నడువు" అంది. కఠినంగా కాదు, మెల్లిగా.

గుమ్మం పక్కన నీళ్లకుండ ఉంది. నేను నేరుగా వెళ్లి దాన్ని తన్నాను. కుండ బద్దలైంది. నేను అక్కడితో ఆగకుండా వెళ్లి నుదురు గోడకి కొట్టుకున్నాను. అనుకున్నదానికన్నా గట్టిగా తగిలింది, మేస్త్రి గోడ మరి.

"ఏదిరా నా తాడు?" అని అరిచాను. "ఒరేయ్ మేస్త్రీ, నా తాడు చెక్కేశావేంట్రా? ఇప్పుడు నేనెలా నడవాలి?"

"నీ తాడేంటి నాన్నా?" అంది అమ్మాయి.

"నా కళ్లు పోతున్నాయే తల్లీ. కంటి వెనక నరం ఎండిపోతోందట. పోయింది తిరిగి రాదట. చుక్కలు వేసుకుంటే ఉన్నది కొన్నాళ్లు ఉంటుందట. దారి తెలియడానికి నా కోసం మీ అమ్మ గోడకి తాడు లాగిపెట్టింది. ఈ నునుపుగాడు దాన్ని మింగేశాడు."

డాక్టరు మాటలు ఒక్కటీ పొల్లుపోకుండా చెప్పాను. నా జన్మలో ఏదీ కలపకుండా చెప్పిన కథ అదొక్కటే.

మా ఆవిడ మొహం నా గొంతు వైపు తిప్పింది. గోడ మీద ఆనించిన వేళ్లు ముడుచుకున్నాయి.

"చెప్పొద్దన్నానా మీకు?" అంది చివరికి. "పిల్ల కంగారుపడుతుంది, దాచమని నేనన్నానా లేదా?"

"అన్నావు."

"మరి దాచలేరూ? నోట్లో ఏదీ ఆగదు మీకు." అని చెయ్యి చాచింది. నేను వెళ్లి ఆ చేతిలో నా చెయ్యి పెట్టాను. గట్టిగా పట్టుకుంది. "ఒరేయ్ మేస్త్రీ, ఏడవకు. నీకేం తెలుసు? గోడ ఇంకా పచ్చిగానే ఉంది కదా, మట్టి కలుపు. మీ బాబాయికి మళ్లీ తాడు లాగాలి."

మేస్త్రి పరిగెత్తాడు. ఏడుస్తూనే మట్టి కలిపాడు, ఏడుస్తూనే ముద్దలు అందించాడు. తన అద్దం మీద ఆమె చేతులు పెట్టి మళ్లీ తాడు లాగుతుంటే, ఆమె చెప్పకముందే గడప దగ్గర బొడిపె కోసం ఒక ముద్ద, పొయ్యి దగ్గరకి రెండు ముద్దలు విడిగా తీసి ఉంచాడు. తాడు పూర్తయ్యాక ఆమె మళ్లీ నా చెయ్యి పట్టుకుని వంటింట్లోకి తీసుకెళ్లి, జంట బొడిపెల దగ్గర నన్ను నిలబెట్టి, "ఇక్కడ పొయ్యి. కాల్చుకునేరు. కదలకుండా నిలబడండి" అని నాకు చెప్పి, స్టవ్ వెలిగించింది.

నేను నిలబడ్డాను. నోరు మూసుకుని నిలబడ్డాను, అది నాకు కొత్త.

టీ పెట్టింది. ఒక్క చుక్క ఒలకలేదు. గ్లాసు తీసుకుని, తడి తాడు పక్కనే వేళ్లు రాసుకుంటూ ముందుగదిలోకి వచ్చి అమ్మాయి నిలబడ్డ చోట చేతికందించింది. అమ్మాయి గ్లాసు పట్టుకుని తాగకుండా గోడనే చూస్తోంది. తర్వాత నా దగ్గరికొచ్చి నా చెయ్యి తీసి ఆ తాడు మీద పెట్టింది. అందుకోవడానికి నేను నడుం వంచాల్సి వచ్చింది.

"నీ కోసం వేసిందైతే ఇంత కిందికెందుకు నాన్నా?" అంది, నాకు మాత్రమే వినపడేలా.

నేను వెతికాను. ఏనుగుల్లో వెతికాను, గేదెల్లో వెతికాను. ఒక్క అబద్ధమూ దొరకలేదు.

అమ్మాయి టీ అంతా తాగింది. గ్లాసు వాళ్లమ్మ చేతికే తిరిగిచ్చింది. గుమ్మంలోకి వెళ్లి, "దింపండి సామాను" అని కేకేసింది. "అమ్మా, మంచం ఎక్కడ వేయమంటావో నువ్వే చెప్పు. బిందెలెక్కడ, పెట్టెలెక్కడ, అన్నీ నువ్వే చెప్పు." అని బండివాళ్ల వైపు తిరిగింది. "ఆవిడ పెట్టమన్న చోట పెట్టండి. పెట్టాక ఏదీ కదపొద్దు. నాన్నకి కనపడదు."

* * *

ఆ సాయంత్రమే వాన పడింది. గోడ కరగలేదు. కాలువలో నీళ్లు నిలిచాయి, అరటి గుంత నిండింది.

ఊళ్లో నాకు గుడ్డితాత అని పేరొచ్చింది. పొద్దున్న టీకొట్లో పేపరు చదివి వినిపించేది నేనే. పేపర్లో లేనివి కూడా చదివేవాణ్ణి కాబట్టి జనం బాగా చేరేవారు. ఇప్పుడు ఇంకెవడో చదువుతున్నాడు. ఉన్నది ఉన్నట్టు చదువుతాడు, నిద్రొస్తుంది. పేజీ అడుగున అచ్చు ఎంత చిన్నదైనా నాకు కనిపిస్తూనే ఉంటుంది, నోరు కట్టుకుని కూర్చుంటాను. పేకాట కూడా పోయింది.

సాయంత్రాలు మా ఆవిడ నన్ను షికారు తీసుకెళుతుంది. వీధి వీధంతా చూసి, ఈ వయసులో మొగుణ్ణి చెయ్యి పట్టుకు తిప్పుతోంది, ఎంత ఓపికో అని ఆమెని మెచ్చుకుంటారు. రాయి ఎదురైతే నేను ఆమె వేలు నొక్కుతాను.

"రాయుంది, చూసుకోండి" అని ఆమె నాకు గట్టిగా చెబుతుంది.